ఇది జబ్బా, ఎండా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) మీద అవగాహన కోసం ప్రపంచమంతా ఏటా మే 30న ఒక రోజు జరుపుతుంది. మన దగ్గర ఆ తేదీ రోహిణి కార్తెలో పడుతుంది. రోళ్ళు పగిలే ఎండలని పెద్దలు చెప్పే రోజులవి. ఈ జబ్బున్నవాళ్ళకు ఏడాది మొత్తంలో అన్నిటికన్నా గడ్డు పక్షం కూడా అదే. మధ్యాహ్నం బ్యాంకుకో రేషన్ షాపుకో వెళ్ళొచ్చేసరికి కాలు ఈడ్చుకుపోతుంది, చూపు మసకబారుతుంది, చేతిలోని గ్లాసు జారిపోతుంది. ఇంట్లోవాళ్ళు కంగారుపడి ఆటో పిలుస్తారు. ఆసుపత్రిలో చల్లని గదిలో గంట కూర్చునేసరికి అన్నీ సర్దుకుంటాయి. అప్పుడు అందరికీ వచ్చే సందేహం ఒకటే: ఇంతసేపూ జరిగింది జబ్బా, ఎండా?

ఎం.ఎస్.తో రోజులు గడపడంలో సగం పని ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోగలగడమే అని నా నమ్మకం. ఎండ వల్ల వచ్చిందేది, జ్వరం వల్ల వచ్చిందేది, నిస్సత్తువ ఏది, మనసు కుంగడం వల్ల వచ్చిందేది, నిజంగా జబ్బు మళ్ళీ తిరగబెట్టింది ఎప్పుడు అన్నది విడదీసి చూడటం నేర్చుకోవాలి. ఎందుకంటే వీటిలో ఒక్కోదానికి చేయవలసింది ఒక్కోటి. తడి తువ్వాలు చాలినచోట స్టెరాయిడ్ ఎక్కించుకోవడం ఎంత నష్టమో, స్టెరాయిడ్ కావలసినచోట తడి తువ్వాలుతో సరిపెట్టుకోవడమూ అంతే నష్టం. డాక్టరు మిమ్మల్ని మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి పావుగంట చూస్తారు. మిగతా రోజులన్నీ ఈ విడదీసే పని మీదే, మీ ఇంటివాళ్ళదే.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటినరాల్లో ఉండే మైలిన్ అనే కొవ్వు పొర మీద దాడి చేస్తుంది. పొర చెదిరినచోట సంకేతం నెమ్మదిగా నడుస్తుంది, కొన్నిచోట్ల ఆగిపోతుంది. ఎక్కడ చెదిరిందన్నదాన్ని బట్టి ఒకరికి కన్ను, ఒకరికి కాలు, ఒకరికి మూత్రం మీద అదుపు దెబ్బతింటాయి. దాడి చల్లారాక చాలావరకు కోలుకుంటారు, కానీ నరం మునుపటంత గట్టిగా ఉండదు. అతికష్టం మీద సంకేతాన్ని దాటిస్తూ ఉంటుంది. అలాంటి నరానికి ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా ఆ ఓపిక చాలదు. చల్లబడగానే సంకేతం మళ్ళీ నడుస్తుంది. ఈ మధ్యలో కొత్తగా చెడిందేమీ లేదు.

జర్మన్ కంటి వైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హోఫ్ 1890లోనే, వ్యాయామం చేశాక కొందరు ఎం.ఎస్. రోగులకు చూపు మసకబారి, విశ్రాంతి తీసుకోగానే తిరిగి రావడం గమనించాడు. ఇప్పటికీ దానికి ఆయన పేరే. ఎం.ఆర్.ఐ. యంత్రాలు రాకముందు ఈ గుణాన్నే పరీక్షగా వాడేవారు. అనుమానమున్న మనిషిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు బయటపడతాయేమో చూసేవారు. ఈ సంగతి గుర్తుంటే మన ఇళ్ళలో పొగలు కక్కే నీళ్ళతో చేసే భోగి తలంటు తరవాత కాళ్ళు ఎందుకు తేలిపోతాయో అర్థమవుతుంది. తలంటు మానక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళతో, స్టూలు మీద కూర్చుని, తలుపు గడియ వేసుకోకుండా పోసుకుంటే చాలు.

తిరగబెట్టడం అంటే ఏమిటి

డాక్టర్లు రిలాప్స్ అనేదానికి ఒక లెక్క ఉంది. కొత్త లక్షణమైనా, తగ్గిపోయిన పాతదైనా 24 గంటలకు తక్కువ కాకుండా వదలకుండా ఉండాలి. ఆ సమయంలో జ్వరం గానీ ఇన్ఫెక్షన్ గానీ ఉండకూడదు. నిజమైన రిలాప్స్ కొన్ని గంటల్లో, రోజుల్లో మెల్లగా ముదురుతుంది, రోజులో వారాలో నిలబడుతుంది. ఎండ వల్ల వచ్చింది చల్లబడిన కాసేపటికే దిగిపోతుంది. మెడ వంచినప్పుడు వెన్నులోంచి కరెంటు షాకులా జివ్వున పాకి క్షణాల్లో పోయేది చాలామందికి పాత మచ్చ తాలూకుది. అది మొదటిసారి వచ్చి రోజుల తరబడి పదేపదే వస్తుంటే మాత్రం డాక్టరుకు చెప్పాలి.

కాబట్టి ఏదైనా తేడా అనిపించిన వెంటనే చేయవలసింది కంగారుపడటం కాదు, కొన్ని చిన్న పరీక్షలు. నీడలోకి వెళ్ళి చల్లబడండి. మెడ చుట్టూ తడి గుడ్డ వేసుకోండి, చల్లని నీళ్ళు తాగండి. థర్మామీటరు పెట్టుకోండి. ఇది ఇంట్లో లేకపోతే ఈరోజే కొనండి, వంద జాగ్రత్తలకంటే ఇదొక్కటి ఎక్కువ పనికొస్తుంది. మూత్రంలో మంట, వాసన, రంగు మార్పు ఉన్నాయా చూసుకోండి. రాత్రి నిద్ర ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. జ్వరముంటే ముందు జ్వరానికి మందు పడాలి, దాని కారణం తేలాలి. ఇవేవీ కాకుండా మర్నాటికి కూడా లక్షణం అలాగే ఉంటే న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి.

మర్నాటిదాకా ఆగకూడనివీ ఉన్నాయి. ఒక కన్ను మసకబారి, కన్ను కదిపితే నొప్పి పుడుతుంటే, రెండు కాళ్ళూ త్వరత్వరగా పట్టు తప్పుతుంటే, మూత్రం పూర్తిగా బంధిస్తే, మింగడానికో ఊపిరికో ఇబ్బంది అయితే అదే రోజు వెళ్ళాలి. ఇక నిమిషాల్లో మూతి వంకర పోయి, మాట తడబడి, ఒక పక్క పడిపోతే అది ఎం.ఎస్. అని ఇంట్లో ఎవరూ సర్ది చెప్పుకోకూడదు. అది పక్షవాతం కావచ్చు. 108కి ఫోన్ చేయాలి.

రిలాప్స్‌కు సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుకు ఒక గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. అది కోలుకోవడాన్ని త్వరపెడుతుంది. చివరికి ఎంత కోలుకుంటామన్నదాన్ని పెద్దగా మార్చదు. అందుకే చిన్న రిలాప్స్‌కు డాక్టరు స్టెరాయిడ్ వద్దంటే నిర్లక్ష్యం చేశారనుకోనక్కర్లేదు. ఎండ దెబ్బకు ఊరికే రెండుమూడుసార్లు స్టెరాయిడ్ పడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండగా పడితే అది ఇంకా ముదురుతుంది.

ఈ తేడాలు తెలియాలంటే రాసిపెట్టుకోవడం కన్నా మంచి దారి లేదు. ఈ జబ్బు చరిత్రలో మనకు దొరికిన తొలి రోగి డైరీ ఇంగ్లండు రాజు మూడో జార్జి మనవడు అగస్టస్ డెస్టేది. 1822లో చూపు మసకబారి, తనంతట తానే బాగుపడటం దగ్గర మొదలుపెట్టి, ఇరవై ఏళ్ళకు పైగా కాళ్ళ మొద్దుబారడం, తూలడం, మూత్రం ఇబ్బంది అన్నీ రాసుకున్నాడు. ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ జబ్బును 1868లో వివరంగా వర్ణించాడు. అంటే డెస్టే రాసుకున్న రోజుల్లో ఆయన జబ్బు ఏమిటో చెప్పగల వైద్యుడు లేడు. తరవాతి తరాల డాక్టర్లు ఆ డైరీ చదివి ఇది ఎం.ఎస్. అని గుర్తుపట్టారు. మీరు అంత రాయక్కర్లేదు. తేదీ, ఏం జరిగింది, ఎంతసేపు ఉంది, ఆ రోజు ఎండ, జ్వరం, నెలసరి, నిద్ర ఎలా ఉన్నాయి అన్నది రెండు వరుసల్లో చాలు. ఆరు నెలల తరవాత డాక్టరు ముందు కూర్చుని "అప్పుడప్పుడూ తిమ్మిర్లండీ" అనేదానికీ, "మార్చి మొదటి వారంలో కుడికాలు తొమ్మిది రోజులు మొద్దుబారింది, జ్వరం లేదు" అనేదానికీ ఎంత దూరమో ఆలోచించండి. మందు మార్చాలా వద్దా అన్న నిర్ణయం ఆ రెండో వాక్యం మీదే ఆధారపడి ఉంటుంది.

వేసవి

మార్చి నుంచి జూన్ దాకా రోజును తిప్పి రాసుకోవాలి. బయటి పనులు ఉదయం తొమ్మిదిలోపు, లేదా పొద్దు వాలాక. వంట కూడా అంతే. మధ్యాహ్నం పన్నెండింటికి పొయ్యి దగ్గర నిలబడటమంటే ఎండలో నిలబడటంతో సమానం. ఉదయమే కుక్కర్ దించేసి, కూరగాయలు కిందటి సాయంత్రమే ఫ్యాను కింద కూర్చుని తరిగిపెట్టుకుంటే పొయ్యి దగ్గర గడిపే సమయం సగానికి తగ్గుతుంది.

కూలర్ గురించి ఒక మాట. తెలంగాణలో, రాయలసీమలో పొడి ఎండకు కూలర్ బాగా పనిచేస్తుంది. విజయవాడ, కాకినాడ, విశాఖల ఉక్కపోతలో అది గదిని చల్లబరచదు, తేమ పెంచుతుంది. కోస్తాలో ఉన్నవాళ్ళకు ఒక్క గదికైనా ఏసీ ఉండటం విలాసం కాదు, వైద్యంలో భాగం. ఇంటి బడ్జెట్ మాట్లాడుకునేటప్పుడు ఈ ఖర్చును మందుల పక్కన రాయండి, ఫ్రిజ్, టీవీల పక్కన కాదు.

అరికాళ్ళకు స్పర్శ తగ్గినవాళ్ళు ఎండాకాలం గుడికి వెళ్ళేటప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి. రాతి ప్రాకారం మీద చెప్పుల్లేకుండా ప్రదక్షిణ చేస్తుంటే మామూలు మనిషి గంతులేస్తాడు. మొద్దుబారిన కాలుకు బొబ్బలెక్కినా తెలియదు. తెల్లవారుజామున వెళ్ళండి, మందపాటి సాక్సులు వేసుకోండి, ఇంటికొచ్చాక అరికాళ్ళు చూసుకోండి. స్నానపు నీళ్ళను కూడా మొద్దుబారిన చేత్తో కాకుండా స్పర్శ బాగున్న చేత్తోనో, మరొకరి చేత్తోనో చూడాలి.

నిస్సత్తువ

ఎం.ఎస్. ఉన్నవాళ్ళలో దాదాపు నలుగురిలో ముగ్గురిని పీడించేది ఇది. చాలామంది ఉద్యోగాలు మానేది కాళ్ళు పడిపోయి కాదు, దీనివల్లే. అయినా డాక్టరు దగ్గర అన్నిటికన్నా తక్కువ మాట్లాడేదీ దీని గురించే. కారణం తెలిసిందే. కట్టు కట్టిన చేయి కనిపిస్తుంది, ఓపిక లేకపోవడం కనిపించదు. "చూడ్డానికి బాగానే ఉన్నావుగా" అనే మాట ఈ జబ్బున్న ప్రతి మనిషీ విని ఉంటారు. కోడలైతే బద్ధకమంటారు, మగవాడైతే పనిదొంగ అంటారు. విని విని ఆ మనిషి కూడా నిజంగానే తాను బద్ధకిస్తున్నానేమో అనుకోవడం మొదలుపెడతాడు. అది జబ్బుకంటే ఎక్కువ బాధిస్తుంది.

మామూలు అలసట చేసిన పనికి తగ్గట్టు వస్తుంది, నిద్రపోతే పోతుంది. ఇది అలా కాదు. పొద్దున్న లేచి పళ్ళు తోముకుని, స్నానం చేసేసరికే ఒంట్లోంచి ఎవరో శక్తి తోడేసినట్టు ఉంటుంది. మెదడు ఒక కదలిక పంపడానికి చుట్టు దారులు వెతుక్కోవలసి వస్తుంది, ఆ శ్రమ బయటికి కనిపించదు.

అయితే ప్రతి నీరసాన్నీ ఎం.ఎస్. ఖాతాలో వేయకండి. ఇక్కడే విడదీసే పని మళ్ళీ అవసరం. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ తేడా ఉన్నా, బి12, విటమిన్ డి తగ్గినా ఇలాగే ఉంటుంది. ఇవి మన ఆడవాళ్ళలో ఎంత సాధారణమో అందరికీ తెలుసు. ఒక రక్తపరీక్షతో తేలే విషయాలవి, మందుకు లొంగేవి. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేచేవాళ్ళకు పగలు నీరసం ఉండక ఏముంటుంది? అక్కడ చూడవలసింది మూత్రాశయాన్ని. కాళ్ళు బిగుసుకుపోకుండా వాడే బ్యాక్లోఫెన్ మత్తు తెస్తుంది, మోతాదో వేళో మార్చమని అడగవచ్చు. కానీ దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు, ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. ఇంటర్ఫెరాన్ సూది వేసుకున్న మర్నాడు ఫ్లూ వచ్చినట్టు ఒళ్ళునొప్పులుంటాయి. ఆఫీసులో ముఖ్యమైన పని ఉన్న రోజుకు ముందురోజు సూది పడకుండా చూసుకోవచ్చు.

ఇవన్నీ తీసేశాక కూడా మిగిలే నిస్సత్తువ ఒకటుంటుంది. దాన్ని ఎలా నడపాలో వేసవిలో నీళ్ళు తగ్గిన బోరున్న రైతుకు బాగా తెలుసు. మోటారు ఆపకుండా వేస్తే అరగంటలో నీళ్ళు పోయి గాలి కొడుతుంది, మోటారూ కాలుతుంది. కాసేపు వేసి, ఆపి, నీళ్ళు ఊరనిచ్చి మళ్ళీ వేస్తే సాయంత్రానికి మడి తడుస్తుంది. అలసిపోయాక ఆగడం కాదు, అలసిపోకముందే ఆగాలి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది బాగున్న రోజు. ఇవాళ ఓపికగా ఉంది కదా అని వారం రోజుల బట్టలు ఉతికి, బూజు దులిపి, బజారుకు వెళ్ళొచ్చి, తరవాత రెండు రోజులు మంచం దిగలేని వాళ్ళు చాలామంది. సంక్రాంతికి ఇల్లు శుభ్రం చేయడం ఒక రోజు పని కానక్కర్లేదు. రోజుకో గది చొప్పున పది రోజులు చేసినా పండగ ఆగదు. పెళ్ళికి వెళ్ళాలంటే ముహూర్తమా, రిసెప్షనా అన్నది ఎంచుకోండి. రెండూ వద్దు. స్నానానికి స్టూలు, ఇస్త్రీకి కుర్చీ, ఇల్లు తుడవడానికి పొడవు కర్ర ఉన్న మాపు వాడండి. నిలబడి చేసే పనుల్లో కూర్చుని చేయగలిగినవి చాలానే ఉంటాయి.

ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి అంకె బాగా పనిచేస్తుంది. "నీరసంగా ఉంది" అంటే ఎవరి నీరసం వాళ్ళకు గుర్తొస్తుంది. "అత్తయ్యా, ఇవాళ నాకు పదికి నాలుగే ఓపిక ఉంది. వంట చేస్తాను, బట్టలు చల్లబడ్డాక ఆరేస్తాను" అంటే విషయం తేలిపోతుంది. రోజూ పొద్దున్నే ఆ అంకె చెప్పండి, బాగున్న రోజున ఎనిమిది అని కూడా చెప్పండి. కొన్నాళ్ళకు వాళ్ళే అడుగుతారు. అలా అడగడం మొదలైన ఇంట్లో తగాదాలు సగం తగ్గుతాయి.

వ్యాయామం సంగతి చాలామందికి ఇప్పటికీ తలకిందులుగా తెలుసు. ఒకప్పుడు డాక్టర్లే ఎం.ఎస్. ఉన్నవాళ్ళను కదలవద్దనేవారు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో 15 వారాలపాటు రోగుల చేత క్రమంగా వ్యాయామం చేయించి చూసిన పరిశోధన 1996లో వెలువడింది. జబ్బు ముదరలేదు, పైగా దమ్ము, కండబలం పెరిగాయి. అప్పటినుంచి ఆ సలహా మారింది. నడక, స్టాండు మీద తొక్కే సైకిలు, నీళ్ళలో చేసే కసరత్తు, కుర్చీలో కూర్చుని చేసే యోగాసనాలు, ఏది కుదిరితే అది. చల్లని వేళలో, ఫ్యాను కింద చేయాలి. వ్యాయామం చేస్తున్నప్పుడు పాత తిమ్మిరి కాస్త పైకి లేస్తే భయపడి మానేయకండి. ఊట్‌హోఫ్ చూసింది అదే, చల్లబడితే దిగిపోతుంది. నిస్సత్తువకు మాత్రల మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోవద్దు. చాలాకాలంగా రాస్తున్న అమాంటాడిన్, మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ అనే మూడు మందులను ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన పరీక్ష 2021లో వచ్చింది. మూడూ దాన్ని మించలేదు.

ఎవరూ మాట్లాడని విషయం

మూత్రం. ఆపుకోలేకపోవడం, లేదా వెళ్ళినా పూర్తిగా రాకపోవడం, కొందరికి రెండూ. మన ఆడవాళ్ళు దీనికి కనిపెట్టిన ఉపాయం నీళ్ళు తాగడం మానేయడం. ఆర్టీసీ బస్సులో నాలుగు గంటల ప్రయాణమంటే ముందురోజు రాత్రి నుంచే గొంతు తడుపుకోరు. ఫలితం ఏమిటంటే మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్ వస్తుంది, దాంతో ఒళ్ళు వేడెక్కుతుంది, కాళ్ళు పట్టు తప్పుతాయి, అందరూ జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. ఎం.ఎస్.లో ఉత్తుత్తి రిలాప్స్‌లకు పెద్ద కారణాల్లో ఇదొకటి.

నీళ్ళు తగ్గించకండి. రోజు మొత్తంలో విడతలు విడతలుగా తాగండి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. టీ, కాఫీ మూత్రాశయాన్ని రెచ్చగొడతాయి, ప్రయాణం రోజున మానేయండి. వస్తున్నట్టు అనిపించినా అనిపించకపోయినా రెండు మూడు గంటలకోసారి వెళ్ళడం అలవాటు చేసుకోండి. మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో ఒక చిన్న స్కాన్‌తో తెలుస్తుంది. ఆ పరీక్ష చేయించకుండా ఆపుకోలేకపోవడానికి మందు మొదలుపెట్టవద్దు. లోపల ఎక్కువ మిగిలేవాళ్ళకు ఆ మందు చెరుపు చేస్తుంది. మిగిలిపోయేదాన్ని సన్నని గొట్టంతో రోజుకు కొన్నిసార్లు తామే తీసుకోవడం నేర్పుతారు. వినడానికి భయంగా ఉంటుంది, నేర్చుకున్నవాళ్ళు మాత్రం రాత్రి నిద్ర తిరిగొచ్చిందంటారు. సిగ్గుపడి ఈ సంగతి దాచిపెట్టినన్నాళ్ళూ పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, ఉద్యోగం ఒక్కొక్కటే జారిపోతాయి. డాక్టరు అడగకపోతే మీరే మొదలుపెట్టండి.

మనసు విషయంలోనూ ఇలాంటి మౌనమే ఉంది. ఎం.ఎస్. ఉన్నవాళ్ళలో దాదాపు సగం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌లోకి వెళతారు. అది పరిస్థితిని తలుచుకుని వచ్చే దిగులు మాత్రమే కాదు, మెదడులో జరిగే మార్పులకూ అందులో పాత్ర ఉంది. ధైర్యం చెబితే తగ్గేది కాదు, వైద్యం చేస్తే తగ్గేది. బతకాలని లేదన్న మాట వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పేర్లు గుర్తురాకపోవడం, ఒకేసారి రెండు పనులు చేయలేకపోవడం కూడా జబ్బు లక్షణాలే. ఒక పని అయ్యాకే మరోటి, పక్కన టీవీ ఆపి మాట్లాడటం, ఫోన్‌లో అలారాలు, వీటితో చాలావరకు నెగ్గుకురావచ్చు.

మందు

రిలాప్స్‌లు రాకుండా వాడే మందుల ప్రత్యేకత ఏమిటంటే, అవి వేసుకుంటే ఇవాళ బాగున్నట్టేమీ అనిపించదు. రేపు జరగకుండా ఆగినదాన్ని ఎవరూ చూడలేరు. అందుకే ఏడాది బాగా గడిచాక "ఇక ఎందుకులే" అని మానేస్తారు. ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ లాంటివి హఠాత్తుగా ఆపితే జబ్బు మునుపటికన్నా తీవ్రంగా విరుచుకుపడవచ్చు. డబ్బు సమస్య అయితే ఆ మాటే సూటిగా డాక్టరుతో చెప్పండి. మొదటి మందు, ఇంటర్ఫెరాన్, 1993లో అమెరికాలో ఆమోదం పొందింది. ఇప్పుడు సూదులు, మాత్రలు, ఆరు నెలలకోసారి ఎక్కించుకునేవి చాలా ఉన్నాయి. మన దేశంలో చాలామంది న్యూరాలజిస్టులు వాడే రిటుక్సిమాబ్‌ను హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరుతో తయారుచేసింది. మొదట లింఫోమా లాంటి క్యాన్సర్ల కోసం వచ్చిన మందు అది. దాన్ని మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష, వేయించుకోవలసిన టీకాలు పూర్తికావాలి.

మొదట్లోనే అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది: "నాకు ఆక్వాపోరిన్ యాంటీబాడీ పరీక్ష అవసరమా?" ఆ పరీక్షతో బయటపడే, ఎం.ఎస్.లాగే కనిపించే ఎన్.ఎం.ఓ. అనే వేరే జబ్బు మన దేశంలో అరుదేమీ కాదు. ఎం.ఎస్. మందులు కొన్ని దానికి కీడు చేస్తాయి.

రోగనిరోధక శక్తి పెంచుతామనే పొడులు, కషాయాల గురించి నా మాట గట్టిగానే ఉంటుంది. ఇక్కడ సమస్య రక్షణ వ్యవస్థ తక్కువవడం కాదు, అది దారితప్పడం. తిప్పతీగ వాడిన కొందరికి ఆటోఇమ్యూన్ తరహా కాలేయ వాపు వచ్చిందని ముంబై డాక్టర్లు 2021లో వెల్లడించారు. లక్షలు తీసుకుని మూలకణాలు ఎక్కించి నయం చేస్తామనే ప్రకటనలను నమ్మి పొలం అమ్ముకోవద్దు.

పెళ్ళి, పిల్లలు

ఎం.ఎస్. అంటుకోదు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు. ఎవరి పాపఫలమూ కాదు. కోటిమందికి పైగా అమెరికా సైనికుల సమూహాన్ని పరిశీలించిన హార్వర్డ్ పరిశోధకులు, ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకాక ఎం.ఎస్. ప్రమాదం 32 రెట్లు పెరుగుతుందని 2022లో చెప్పారు. ఆ వైరస్ పెద్దవాళ్ళలో దాదాపు అందరికీ సోకేదే. సోకినవాళ్ళలో ఏ కొద్దిమందికో జబ్బు వస్తుంది. పెళ్ళి మాటల్లో దాచిపెట్టడం వల్ల ఎవరికీ మేలు జరగదని నా ఉద్దేశం. మందులు దాచుకుని వేసుకోవలసి వచ్చే కాపురంలో ముందు మానేసేది మందులే.

గర్భం రావచ్చు, కాన్పు కావచ్చు. కానీ కొన్ని మందులను నెలల ముందే మార్చాలి కాబట్టి ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. ఐరోపాలో 254 మంది స్త్రీలను గమనించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భంలోని చివరి మూడు నెలల్లో రిలాప్స్‌లు బాగా తగ్గాయి, కాన్పయిన మొదటి మూడు నెలల్లో పెరిగాయి. సరిగ్గా ఆ మూడు నెలలే మన బాలింత పుట్టింట్లో కిటికీలు మూసిన గదిలో, వేడివేడి నీళ్ళ స్నానంతో, నీళ్ళు తక్కువ తాగే పథ్యంతో గడుపుతుంది. అమ్మమ్మలకు నచ్చజెప్పి గదికి గాలి రానివ్వాలి, స్నానం గోరువెచ్చగా ఉండాలి, దాహానికి నీళ్ళివ్వాలి. రాత్రి బిడ్డను ఎత్తుకుని తిరిగే పని ఇంకొకరు తీసుకోవాలి. ఆ నెలల్లో కాలు బరువెక్కితే బాలింత నీరసమని కొట్టిపారేయకండి.

కాగితాలు

వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. ఉద్యోగంలో ఉండగా జబ్బు వస్తే ప్రభుత్వ సంస్థ ఆ కారణంగా తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. ఈ రక్షణ ఉందని తెలియక తామే రాజీనామా రాసిచ్చిన వాళ్ళున్నారు. ఏదైనా సంతకం పెట్టే ముందు ఈ సంగతి చూసుకోండి. ప్రైవేటు ఉద్యోగమైతే ఫలానాది కావాలని కాగితం మీద అడగండి: ఫ్యానుకో ఏసీకో దగ్గర సీటు, మధ్యాహ్నం పావుగంట విరామం, బాత్రూముకు దగ్గరి అంతస్తు. "నాకు ఆరోగ్యం బాగోదు" అంటే జాలిపడి ఊరుకుంటారు, ఏం కావాలో చెబితే ఇచ్చే వీలుంటుంది. 1985 నుంచి పనిచేస్తున్న మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో శాఖ ఉంది. ఇలాంటి దరఖాస్తులు రాసి గెలిచినవాళ్ళు అలాంటి చోట పరిచయమవుతారు.

వైకల్య ధ్రువపత్రానికీ, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డుకూ వెళ్ళేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. చాలా పథకాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. ఎం.ఎస్. లక్షణాలు వచ్చిపోతుంటాయి, పరీక్ష రోజున మీరు చూడ్డానికి బాగుండవచ్చు. అందుకని ఎం.ఆర్.ఐ. రిపోర్టులు, ప్రతి ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, న్యూరాలజిస్టు ఉత్తరం, మీ డైరీ అన్నీ తేదీల వరుసలో ఫైలు చేసి తీసుకెళ్ళండి. ఎంత దూరం నడిస్తే కాలు ఈడుస్తుందో, మెట్లెక్కగలరో లేదో, మూత్రం ఇబ్బంది ఉందో లేదో పరీక్షించే డాక్టర్లు అడగకపోయినా చెప్పండి. చేతికర్ర వాడే అలవాటుంటే కర్రతోనే వెళ్ళండి. నలుగురిలో బాగోదని ఇంట్లో వదిలి వెళ్ళవద్దు.